సాలార్‌జంగ్, పురానీ హవేలీ, నడుమ బిర్యానీ: హైదరాబాద్‌లో ఆలుమగలకు ఒక రోజు ప్లాన్

అన్నిటికంటే ముందు ఏ వారం వెళ్లాలో తేల్చుకోండి. టికెట్లు, ఆటోలు, ఖర్చు అన్నీ ఆ తర్వాతే. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి సెలవు, చౌమహల్లా ప్యాలెస్‌కూ సెలవే. ఆదివారం వెళ్తే విగ్రహాల కంటే జనం వీపులే ఎక్కువ కనిపిస్తాయి. మిగిలిన రోజుల సంగతి మీ ఇంటి పట్టింపులను బట్టి ఉంటుంది. మా ఆయన శనివారం నీచు ముట్టరు, ఏడుకొండలవాడి మొక్కు. సోమవారం నేను తినను. మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా. అన్నీ తీసేస్తే మాకు మిగిలేది బుధవారం ఒక్కటే. నవ్వులాటకు చెప్పడం లేదు. ఎదురుగా బిర్యానీ పొగలు కక్కుతుంటే ఒకరు తింటూ ఇంకొకరు పెరుగన్నం కలుపుకుంటూ కూర్చుంటే ఇద్దరికీ ముద్ద దిగదు.

మేం ఉండేది మలక్‌పేటలో. ఖమ్మం నుంచీ విజయవాడ నుంచీ చుట్టాలు వస్తూనే ఉంటారు. కొత్తగా పెళ్లయిన జంటలైతే రాత్రి భోజనాల దగ్గరే లిస్టు తీస్తారు: చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, అన్నీ ఒక్కరోజులోనే. "పిన్నీ, అవుతుంది కదా?" అని నన్నే అడుగుతారు. అవుతుంది, కాకపోతే సాయంత్రానికి ఇద్దరూ మాట్లాడుకోరు. నేను ఒప్పుకునేది రెండే మ్యూజియాలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. చుట్టూ తిండి. మ్యూజియంలో మొగుడూ పెళ్లాలకు వచ్చే గొడవలన్నీ కాళ్ల నుంచీ కడుపు నుంచీ పుట్టేవే, మనసులో నుంచి వచ్చేవి చాలా తక్కువ. ఈ ప్లాన్ అంతా ఆ రెండింటినీ చూసుకుంటూ వేసిందే.

పొద్దున ఎనిమిదింటికల్లా చార్మినార్ దగ్గర ఉండండి. మెట్రో అక్కడిదాకా రాదు. ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో పట్టుకోవాలి. చార్మినార్ చుట్టూ బండ్లు రానివ్వరు కాబట్టి చివర కాస్త నడవక తప్పదు. అంత పొద్దున్నే ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, 1591లో కట్టిన ఆ కట్టడాన్ని నీరెండలో, తోపుడుబండ్లు రాకముందు చూడొచ్చు. రెండోది మా ఆయన కనిపెట్టింది: ఆ టైముకి లాడ్ బజార్ షాపులు తెరవరు. గాజులు కొని, ఆ సంచి మోసుకుంటూ మ్యూజియం అంతా తిరగాల్సిన పని తప్పుతుంది.

టిఫిన్‌కి గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ దోశ బండి వెతకండి. చార్ కమాన్ మధ్యలో ఫౌంటెన్ ఉంటుంది చూడండి, ఆ చుట్టుపక్కల. వెతకడం అంటే పెద్ద కష్టమేం కాదు, జనం గుంపు ఎక్కడుంటే అదే. పెద్ద పెనం మీద దోశలు వరసగా పోస్తాడు. వాటి మీద ఉప్మా ముద్ద, ఉల్లిపాయ, కారప్పొడి, వెన్న వేసి, అట్లకాడతో అక్కడికక్కడే మెదిపి దోశంతా పూస్తాడు. దోశ మీద ఉప్మా ఏంటి అని గోదావరి జిల్లాల వాళ్లు మొహం పెడతారు. తిన్నాక మాట్లాడరు. నిలబడే తినాలి. ఒక దోశ ఇద్దరికీ చాలదనిపించినా ముందు ఒకటే చెప్పండి. రోజంతా తినేది ఉంది, ఇక్కడే కడుపు నింపుకుంటే మధ్యాహ్నం బాధపడేది మీరే.

పొద్దున్నే నీచుకి అభ్యంతరం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది: ఖిచిడీ, ఖీమా, ఖట్టా. మసూర్ పప్పు వేసి వండిన అన్నం, పక్కన ఖీమా, మీద పోసుకోవడానికి చింతపండు, నువ్వుల పులుసు. మన పచ్చిపులుసుకి దగ్గరి చుట్టమే ఆ ఖట్టా. తెలంగాణ వాళ్లకైతే నువ్వులేసిన పచ్చిపులుసు కొత్తేం కాదు, మొదటి ముద్దకే గుర్తుపడతారు. పాతబస్తీలో చాలా హోటళ్లలో పొద్దున పూట దొరుకుతుంది.

ఆ తర్వాత నిమ్రా కేఫ్ దగ్గర చాయ్. మక్కా మసీదు పక్కన, చార్మినార్‌కి ఎదురుగా ఉంటుంది. ఇరానీ చాయ్‌లో డికాషన్ వేరు, పాలు వేరు. డికాషన్ మూతపెట్టిన గిన్నెలో మగ్గుతూ ఉంటుంది, పాలు మరిగి మరిగి చిక్కబడతాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. చక్కెర తగ్గించమంటే వినిపించుకుంటారని ఆశ పెట్టుకోకండి. ఉస్మానియా బిస్కెట్లు మాత్రం ఇక్కడే తినండి, అప్పుడే ఓవెన్‌లోంచి వచ్చినవి దొరుకుతాయి. కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉంటాయి. చాయ్‌లో ముంచితే గబుక్కున నోట్లో పెట్టుకోవాలి, లేకపోతే విరిగి అడుక్కి పోతుంది. ఇంటికి కొనే పని సాయంత్రానికి వాయిదా వేయండి.

పదింటికి సాలార్‌జంగ్ తలుపులు తీస్తారు. తీసే టైముకి గేటు దగ్గర ఉంటే మొదటి గంట హాయిగా గడుస్తుంది. తర్వాత స్కూలు పిల్లల బస్సులు దిగుతాయి. సంచులు కౌంటర్లో పెట్టాలి కాబట్టి హ్యాండ్‌బ్యాగ్ తప్ప ఏమీ తీసుకెళ్లకండి. ఫోన్‌తో ఫొటోలు తీయాలంటే ఏం కట్టాలో టికెట్ తీసుకునేటప్పుడే అడగండి, లోపల గార్డుతో వాదన ఎందుకు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆయన ప్రతి అట్ట ముందూ ఆగి, అచ్చయిన ప్రతి అక్షరం చదివే మనిషి. కత్తి చూస్తే దాని పిడి, పిడి మీద రాయి, రాయి ఏ దేశానిదో అన్నీ కావాలి. నేను గది గుమ్మంలో నిలబడి ఒక చూపు చూసి, నచ్చినదాని దగ్గరికి నేరుగా వెళ్లే రకం. ఇద్దరం కలిసి తిరిగితే ఆయనకు తొందర, నాకు విసుగు. అందుకని మేం కలిసి చూసేది రెండే వస్తువులు, ఆ తర్వాత ఎవరి దారి వారిది. పన్నెండుకు పది నిమిషాల ముందు గంటల గడియారం దగ్గర కలుస్తాం. మీరూ ఇలాగే చేయండి. కొత్తగా పెళ్లయినవాళ్లు విడిగా తిరగడమేంటని మొహమాటపడతారు గానీ, రెండు గంటలు విడిగా ఉంటే భోజనం దగ్గర చెప్పుకోవడానికి కబుర్లుంటాయి.

కలిసి చూడాల్సిన మొదటిది మేలిముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. నిజాం దగ్గర దివాన్ (ప్రధానమంత్రి)గా చేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్లినప్పుడు రోమ్‌లో కొన్నాడు. అందరూ ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు కాస్త పక్కకు జరిగి, ముక్కు కొన దగ్గర ముసుగు మడత చూడండి. గుడ్డ ముక్కుకి ఆని, అక్కడి నుంచి చెంప మీదికి జారేచోట కళ్లు, పెదాలు లోపలున్నట్టు కనిపిస్తాయి. లోపల ఏమీ లేదు, ముసుగూ మొహమూ ఒకటే రాయి. ఎంత తెలిసినా కన్ను ఒప్పుకోదు. రెండోది చెక్కతో చేసిన జంట విగ్రహం. ముందు నుంచి చూస్తే తలెత్తుకు నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక అద్దంలో చూస్తే తల దించుకున్న మార్గరెట్టా. ఇద్దరిదీ ఒకే దుంగ. దాని ముందు నిలబడి మీ ఇద్దరిలో ఎవరు ఎవరో వాదించుకోవడం ఆనవాయితీ, ఎవరూ తప్పించుకోలేరు.

ఆ తర్వాత విడిపోయే ముందు ఒక ఒప్పందం చేసుకోండి: ఎవరికి వారు రెండు మూడు గదులే. మధ్య భవనంలో మన దేశానివి, పడమటి భవనంలో యూరప్‌వి, తూర్పు భవనంలో చైనా, జపాన్ లాంటి దేశాలవి. మూడూ ఒక పూటలో చూసినవాళ్లు ఏం చూశారో సాయంత్రానికి చెప్పలేరు. నా ఓటు జేడ్ అనే విలువైన రాతి వస్తువుల గదికి. నూర్జహాన్ బాకు అక్కడే ఉంది, జహంగీర్‌ది కూడా. మా ఆయన ఓటు దంతపు వస్తువులకు. ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ టిప్పు సుల్తాన్‌కి పంపినవని చెప్పే దంతపు కుర్చీలు అక్కడున్నాయి. నల్లటి లోహం మీద వెండి పొదిగే బిద్రీ పని, పాత వ్రాతప్రతులు, చేతికర్రలు, ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఒక విషయం తెలుసుకుని లోపలికి వెళ్తే బాగుంటుంది. ఇందులో చాలా భాగం కూడబెట్టిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912లో, ఇరవై ఏళ్లు దాటిన కొత్తలోనే నిజాం దగ్గర దివాన్ అయ్యాడు. రెండేళ్లకే ఆ పదవి వదిలేసి, తర్వాత జీవితమంతా వస్తువులు కొంటూనే గడిపాడు. 1949లో పోయాడు. పెళ్లి చేసుకోలేదు. "చేసుకుని ఉంటే ఇన్ని గడియారాలు కొననిచ్చేదా?" అని మా ఆయన ప్రతిసారీ అంటారు, నేను ప్రతిసారీ విననట్టు ఉంటాను. సాలార్‌జంగ్ పోయాక వారసులు లేకపోవడంతో 1951లో వాళ్ల దివాన్ దేవిడీ భవనంలోనే మ్యూజియం పెట్టారు, నెహ్రూ వచ్చి తెరిచాడు. మూసీ ఒడ్డున ఉన్న ఈ భవనానికి మారింది 1968లో.

గడియారం కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీది. కుడిపక్క ఒక చిన్న కమ్మరి క్షణానికో దెబ్బ కొడుతూ ఉంటాడు, అతన్ని ఎవరూ పట్టించుకోరు. అందరి కళ్లూ గంట కొట్టడానికి వచ్చే గడ్డపాయన మీదే. గంటకు రెండు మూడు నిమిషాల ముందే బయటికొచ్చి నిలబడతాడు, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. ఒంటిగంటకు వెళ్లేవాళ్లకు ఒక్క దెబ్బే దక్కుతుంది. పన్నెండుకు పన్నెండు. అందుకే పన్నెండుకు జనం ఎక్కువ, ముందే వెళ్లి కూర్చోవాలి. పిల్లలు దెబ్బలు లెక్కపెడుతుంటే పెద్దవాళ్లూ పెదాలు కదుపుతుంటారు, గమనించండి. గడియారం అయ్యాక ఇంకో అరగంట, మీకు నచ్చిన ఒక్క వస్తువు రెండోవాళ్లకు చూపించడానికి. అంతే, బయటికి రండి. ఇంకా చూడనివి ఉన్నాయే అని వెనక్కి తిరగకండి, ఆకలితో చూసింది ఏదీ గుర్తుండదు.

భోజనానికి మదీనా చౌరస్తా వైపు నడవండి, దూరమేం కాదు. మేం వెళ్లేది షాదాబ్‌కి. ఒంటిగంటన్నరకు వెళ్తే టేబుల్ కోసం నిలబడాలి, పన్నెండున్నరకైతే నేరుగా కూర్చోవచ్చు. ఒక మటన్ బిర్యానీ ఇద్దరికీ సరిపోతుంది, వెయిటర్ ఏమన్నా సరే. దాంతో ఇంకేదైనా కావాలంటే తలా హువా గోష్త్, ఒక రుమాలీ రోటీ. హైదరాబాద్ కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసానికే మసాలా పట్టించి అడుగున పరిచి, సగం ఉడికిన బియ్యం పైన వేసి, మూత చుట్టూ పిండి అంటించి దమ్ చేస్తారు. అందుకని పళ్లెంలోకి వచ్చాక మొత్తం కలిపేయకండి. పక్క నుంచి గరిటె నిలువుగా దించి, అడుగు మసాలా, పై అన్నం కలిసి వచ్చేలా తీసుకోండి. మిర్చీ కా సాలన్ మన గుత్తి వంకాయ మసాలాలాగే ఉంటుంది, పల్లీలు, నువ్వులు, కొబ్బరి, చింతపండు. దాన్ని అన్నం మీద కుమ్మరిస్తే బిర్యానీ రుచి పోతుంది, అంచుకు పెట్టుకోండి. ఆంధ్రా నుంచి వచ్చిన మా మరిది మొదటిసారి "కారం లేదేంటి వదినా" అన్నాడు. కారం కోసం కాదు, మాంసం ఎముక నుంచి ఎలా విడిపోతుందో చూడు అన్నాను.

తీపికి ఖుబానీ కా మీఠా ఒక్కటి, రెండు చెంచాలు. ఎండు ఆప్రికాట్లు ఉడికించి చేసేది. డబుల్ కా మీఠా పెళ్లిళ్లలో ఎలాగూ తింటాం.

శాకాహారులైతే ఇక్కడ ఇబ్బంది పడకుండా ఆటోలో అబిడ్స్ వెళ్లి తాజ్‌మహల్ హోటల్లో భోజనం చేసి రావడం మేలు. రంజాన్ నెలలో మాత్రం ఈ ప్లాన్ తల్లకిందులు చేయాలి. పగలు పాతబస్తీలో చాలా హోటళ్లు మూసి ఉంటాయి కాబట్టి ఇంట్లో తిని మధ్యాహ్నం బయల్దేరండి, ఒకే మ్యూజియం చూడండి, సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక హలీం తినండి. 2010లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు వచ్చిన హలీం అది, దానికోసం ఒక మ్యూజియం వదులుకోవచ్చు.

బిర్యానీ తిన్నాక నిద్ర ముంచుకొస్తుంది. అందుకే మధ్యాహ్నానికి పెద్ద మ్యూజియం వద్దు, పురానీ హవేలీ చాలు. ఆటోవాళ్లకు నిజాం మ్యూజియం అంటే తెలుస్తుంది. ఇక్కడున్నవి ఎక్కువగా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1937లో సిల్వర్ జూబ్లీ చేసుకున్నప్పుడు వచ్చిన కానుకలు. నగరంలోని భవనాల వెండి నమూనాలు చూడండి. రోజూ బస్సులోంచి చూసే కట్టడం అరచేతి మీద పట్టేలా ఉంటే భలే అనిపిస్తుంది.

కానీ ఆడవాళ్లందరూ ఆగిపోయేది ఆరో నిజాం బట్టల బీరువా దగ్గర. బీరువా అంటే బీరువా కాదు, పొడవాటి హాలు. రెండు వైపులా బర్మా టేకు అల్మారాలు, రెండంతస్తులు, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి కట్టిన బట్ట మళ్లీ కట్టేవాడు కాదని చెబుతారు. మా ఇంట్లో రెండు తలుపుల గోద్రెజ్ బీరువాలో ఎవరిది ఎంత భాగం అన్న పంచాయితీ ఇంకా తేలలేదు, కాబట్టి మేం అక్కడ మౌనంగా నడుస్తాం. ఆ మహబూబ్ అలీ ఖాన్ బూటులోనే కదా, ఆయన పోయాక కొడుక్కి జాకబ్ వజ్రం దొరికింది. 184 క్యారెట్లకు పైనున్న ఆ రాయిని ఏడో నిజాం కాగితాల మీద బరువుకి పెట్టుకున్నాడు. అది ఇక్కడ ఉండదు, ప్రభుత్వం కొని రిజర్వ్ బ్యాంకులో దాచింది. వెతికి నిరాశపడకండి.

ఇంకో కథ కూడా ఇక్కడిదే. 2018 సెప్టెంబర్‌లో దొంగలు వెంటిలేటర్ తొలగించి, తాడు పట్టుకుని దిగి, వజ్రాలు పొదిగిన మూడు గిన్నెల బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. కొద్దిరోజుల్లోనే పోలీసులు పట్టుకున్నారు. వాళ్లలో ఒకడు ఆ బాక్సులో అన్నం పెట్టుకుని తిన్నాడని పోలీసులే చెప్పారు. మా ఆయన ఈ కథ గాజు అద్దాల ముందు ఎంత పెద్దగా చెబుతారంటే, గార్డు దగ్గరికొచ్చి నిలబడతాడు.

నాలుగున్నరకు బయటపడితే లాడ్ బజార్. లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. చెప్పిన ధరలో సగం నుంచి బేరం మొదలుపెట్టండి. సైజు తొడిగి చూసుకున్నాకే డబ్బులివ్వండి, రాళ్లు ఊడకుండా అతికి ఉన్నాయో లేదో గోటితో తడిమి చూడండి. మగవాళ్లను షాపులో కూర్చోబెట్టకండి. ఇంకో చాయ్ తాగి, పొద్దున వాయిదా వేసిన బిస్కెట్లు కొనుక్కురమ్మని పంపేయండి, ఇద్దరికీ సుఖం.

చివరికి మొజంజాహీ మార్కెట్. ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరు మీద 1935లో కట్టిన రాతి మార్కెట్. సాయంత్రం లైట్లు వేశాక అందంగా ఉంటుంది. ఫేమస్ ఐస్‌క్రీంలో ఆ కాలంలో ఏ పండు ఉంటే ఆ పండుది అడగండి. వానలు వెనకబట్టాక అయితే సీతాఫలం, ఎండాకాలం అయితే మామిడి. అప్పటికి రాత్రి భోజనం గురించి ఎవరికీ ఆలోచన ఉండదు. ఇంటికి తీసుకెళ్లడానికి హమీదీలో జౌజీ హల్వా పావుకిలో చాలు, నెయ్యి ఎక్కువ, రోజూ రెండు చెంచాల చొప్పున తినేది. ఊరు వెళ్లేవాళ్లయితే పక్కనే కరాచీ బేకరీ ఉంది, చుట్టాలకు ఫ్రూట్ బిస్కెట్లు అక్కడ తీసుకోండి. దగ్గరి మెట్రో గాంధీభవన్, నడిచి వెళ్లిపోవచ్చు.

రెండో రోజు కూడా ఉంటే అప్పుడు చౌమహల్లా, అక్కడి షాండ్లియర్లు, పసుపుపచ్చ రోల్స్‌రాయిస్. ఈజిప్టు మమ్మీ చూడాలని పట్టుబట్టే భర్తలుంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. అసెంబ్లీ మెట్రోలో దిగాలి. అదీ శుక్రవారం సెలవే.